ముందు తడి సంగతి చూడు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బ్యాటరీలో ద్రవానికి బదులు లిథియం అయాన్లను మోయడానికి నువ్వు చేస్తున్న పాలిమర్ ఫిల్ము 25 డిగ్రీల దగ్గరే సెంటీమీటరుకు 10⁻⁴ సీమెన్స్ వాహకత చూపిందని రాశావు. కానీ నువ్వు కలిపింది పాలిఇథిలీన్ ఆక్సైడు అనే పాలిమర్, లిథియం టీఎఫ్ఎస్ఐ అనే లవణం, అంతే కదా. ఆ జంటకు గది వేడిలో సాధారణంగా వచ్చేది 10⁻⁶కు కాస్త అటూ ఇటూ. వంద రెట్లు ఊరికే రావు తల్లీ. ఎక్కడో తడి ఉంది, తడి ఉంటే అయాన్లు సులువుగా కదిలి అంకె పెరుగుతుంది.

నువ్వున్న బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. శ్రావణమాసంలో డబ్బాలో దాచిన అప్పడాలే మెత్తబడిపోతాయి, ఆ లవణం గాలి తగిలితే ఊరుకుంటుందా? దాన్ని వాక్యూమ్ ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టు. పాలిమర్‌ను మాత్రం 50 దాటించకు, 65 దగ్గర కరుగుతుంది. ఫిల్ము పోశాక, కరిగించడానికి వాడిన అసిటోనైట్రైల్ ద్రవం లోపల దాక్కుంటుంది, చేతికి పొడిగానే తగులుతుంది. బరువు ఇక తగ్గదనేదాకా ఆరబెట్టి తూచు. ఈ ఒక్క పని చేయక నేను ఏడాది శ్రమ పారేసుకున్నాను. ఆ బాధ నీకు వద్దు.

నిజం తేల్చే పరీక్ష ఒకటుంది. 25 నుంచి 80 డిగ్రీల దాకా వాహకత కొలిచి, వేడితో అది ఎలా మారిందో గీత గీయి. పొడి ఫిల్ము అయితే 60 దగ్గర, పాలిమర్‌లోని స్ఫటికాలు కరిగే చోట, గీత స్పష్టంగా వంగుతుంది. వంపు లేకపోతే అంకెను నమ్మకు. వేడి చేసి చల్లార్చిన వెంటనే కొలవకు. స్ఫటికాలు తిరిగి కట్టడానికి చాలా సమయం తీసుకుంటాయి.

ఇక మెరుగుపరచడం. 2011లో పారిస్‌లో మొదలైన ఆటోలిబ్ అద్దె విద్యుత్ కార్ల పాలిమర్ బ్యాటరీలు పనిచేయాలంటే వెచ్చగా ఉంచాల్సి వచ్చింది, కారణం ఈ స్ఫటికాలే. పాలిమర్ అణువుల గొలుసు కదిలితేనే లిథియం కదులుతుంది, స్ఫటికంలో అది బిగుసుకుపోతుంది. నానో టైటానియా పొడి కలపడం 1998 నుంచీ అందరూ చేస్తున్నదే, నాకు దాని మీద పెద్ద ఆశ లేదు. మోతాదు మించితే ముద్దకట్టి దారి మూస్తుంది. గొలుసుకు పక్క కొమ్మలు పెట్టి, ఒకదానితో ఒకటి అల్లు. స్ఫటికమూ కట్టదు, బలమూ పోదు.

వాహకత ఒక్కటే చూసుకుని మురిసిపోవద్దు. అందులో లిథియం వాటా ఐదో వంతు ఉంటే ఎక్కువ, మిగతాది లవణంలోని ఎదుటి అయాన్, టీఎఫ్ఎస్ఐది. ఆ వాటా కూడా కొలువు. క్యాథోడుకు (బ్యాటరీ ధన ధ్రువానికి) లిథియం ఐరన్ ఫాస్ఫేటు చాలు, 4 వోల్టులు దాటితే ఈ పాలిమర్ తట్టుకోలేదు.

దసరాకు వచ్చేటప్పుడు నోటుపుస్తకం తీసుకురా. చెడిన ఫిల్ముల పుటలు చింపకు.