చనిపోయిన భర్త మోసం ఇప్పుడు బయటపడితే ఎవరిని నిలదీయాలి?

భర్త పోయి నాలుగు నెలలైందని, ఆయనకు ఆరేళ్లుగా వేరే ఆవిడతో సంబంధం ఉందని ఇప్పుడు తెలిసిందని రాశారు. "అలాంటి మనిషి కోసం ఇంకా ఏడుస్తున్నాను, నేను పిచ్చిదాన్నా?" అని అడిగారు. కాదమ్మా. మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. మీరు ఇప్పుడు పడుతున్నది నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

ఆయన గుండెపోటుతో ఉన్నట్టుండి పోయారు. రెండో నెలలో ఇన్సూరెన్స్ కాగితాల కోసం ఆయన ఆఫీసు బ్యాగు వెతుకుతుంటే లోపలి జిప్పులో ఒక పాత ఫోన్ కనబడింది. ఛార్జింగ్ పెట్టాను. పాస్‌వర్డ్ మా అమ్మాయి పుట్టినరోజు. ఆ ఒక్క సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన నాకు ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగేవారు. పదహారేళ్ల కాపురంలో ఆ ఫోన్ రాని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పాత ఫోన్‌లో కూడా రోజూ 1:04కో 1:05కో ఒక మెసేజ్ ఉంది. "తిన్నావా?" నాతో మాట్లాడి పెట్టేసిన వెంటనే ఆవిడకి పంపేవారన్నమాట. నాకు ఆపరేషన్ అయిన రోజు మెసేజ్ కూడా ఉంది: "ఇక్కడ అంతా అయిపోయింది, రేపు వస్తా." ఆ రోజంతా ఆయన నా మంచం పక్కన కుర్చీలోనే ఉన్నారు. ఫోన్ చూసుకుంటుంటే ఆఫీసు పని అనుకున్నాను. పాపం, వచ్చి కూడా పని చేసుకుంటున్నారే అని జాలిపడ్డాను.

మూడు రాత్రులు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి. ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు అన్నీ దొరుకుతాయి. ఎందుకు అన్నది దొరకదు. మనం వెతికేదేమో అదే. పైగా చదివిన కొద్దీ ఒక్కో పాత జ్ఞాపకం పాడవుతుంది. ఆ ఏడాది మనం ఊరెళ్లినప్పుడు కూడానా, పిల్లాడికి జ్వరం వచ్చిన రాత్రి కూడానా అని మనసు లెక్కలు వేస్తూనే ఉంటుంది. అలాగని కోపంలో అన్నీ చెరిపెయ్యకండి, డబ్బు వ్యవహారాలకి తర్వాత అవసరం పడొచ్చు. నమ్మకమైన మనిషికి ఇచ్చి దాచమనండి. నేను మా అక్కకి ఇచ్చాను.

బతికున్న మనిషైతే ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాం, అరుస్తాం, వదిలేసి పోతాం. మనకి ఆ దారే లేదు. ఇంటికి వచ్చినవాళ్లంతా "దేవుడిలాంటి మనిషి" అంటుంటే తలూపుతూ కూర్చోవాలి. నన్ను అన్నిటికంటే నలిపేసింది అది. 1989లో కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు ఇలాంటి దుఃఖం గురించి "డిసెన్‌ఫ్రాంచైజ్డ్ గ్రీఫ్" అనే పేరుతో రాశారు. నలుగురి ముందు చెప్పుకోలేనిది, చెప్పినా లోకం దుఃఖంగా ఒప్పుకోనిది, అందుకే ఎవరూ ఓదార్చనిది. నా బాధకి ఒక పేరుందని తెలిసినప్పుడు ఊపిరి ఆడినట్టయింది. కానీ రహస్య సంబంధంలో ఉండి మనిషిని పోగొట్టుకున్నవాళ్ల దుఃఖం కూడా డోకా లెక్కలో అందులోకే వస్తుంది. అంటే ఆవిడది కూడా. అది చదివి పక్కన పెట్టేశాను, చాలా నెలలు మళ్లీ ముట్టుకోలేదు.

మా ఆడపడుచుకి ముందే తెలుసని తర్వాత తెలిసింది. మీకూ అలాంటిది ఎదురుకావచ్చు, సిద్ధంగా ఉండండి. ఆడపడుచుతో నేను రెండేళ్లు మాట్లాడలేదు, అందుకు బాధ కూడా లేదు.

ఇక వెంటనే చెయ్యాల్సినవి. సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గరకెళ్లి హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకోండి. హెచ్‌ఐవీ సోకాక పరీక్షలో కనబడటానికి 3 నెలల దాకా పట్టొచ్చు. మీకు నాలుగు నెలలు దాటింది కాబట్టి ఇప్పుడొచ్చే ఫలితాన్ని నమ్మొచ్చు. నేను భయపడి ఏడాది వాయిదా వేశాను, ఆ ఏడాదంతా అనవసరమైన టెన్షన్. రెండోది అప్పులు. మా ఆయన నాకు తెలియకుండా తీసుకున్న లోన్ కాగితాలు అదే బ్యాగులో దొరికాయి. చనిపోయినవాళ్ల అప్పు మామూలుగా వాళ్లు వదిలిన ఆస్తిలోంచి తీరాలి. మీరు జామీను సంతకం పెట్టి ఉంటేనో, ఇద్దరి పేరు మీదా తీసుకుని ఉంటేనో సంగతి వేరు. లాయర్‌కి చూపించేదాకా ఎవరొచ్చి అడిగినా కడతానని నోటిమాటగా కూడా ఒప్పుకోకండి.

రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే కాగితం మీద రాయండి. జేమ్స్ పెన్నిబేకర్ అనే సైకాలజిస్టు 1986లో మనుషుల చేత వరుసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాల చొప్పున మనసులోని బాధ రాయించి చూశారు. నేను మా ఆయనకే ఉత్తరం రాసినట్టు రాశాను. తిట్లతో మొదలైంది. నాలుగో రోజుకి "నువ్వు లేకపోతే ఆ కుళాయి ఎవరు బాగుచేస్తారు" అని రాసి ఏడ్చాను. మోసం చేసిన మనిషీ ఆయనే, కుళాయి బాగుచేసిన మనిషీ ఆయనే. ఇందులో ఏది అసలు మనిషో తేల్చుకుంటేనే ఏడవాలని రూలేం లేదు.

పిల్లలకి చెప్పాలా అన్నారు. కోపం మీద ఉన్నప్పుడు మాత్రం చెప్పకండి. అలాగని ఆయన్ని దేవుణ్ణి చేస్తూ కథలూ అల్లకండి, రేపు బయటివాళ్ల నోట వింటే మీ మీద నమ్మకం పోతుంది. మా అమ్మాయికి ఇరవై నిండాక, తనే గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "నాన్న నన్ను కూడా మోసం చేశాడా?" అంది. "లేదు. నన్ను మోసం చేశాడు. నిన్ను మాత్రం ప్రాణంగా చూసుకున్నాడు" అన్నాను. అది నిజమే కాబట్టి గొంతు వణకలేదు. పాస్‌వర్డ్ సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ ఫోన్ ఇంకా మా అక్క దగ్గరే ఉంది. పారెయ్యమంటావా అని పోయినేడాది అడిగింది. ఉంచమన్నాను, ఛార్జింగ్ మాత్రం పెట్టొద్దన్నాను.