రెండో బెంచీలోని అమ్మాయి

కడప

నాయనా,

నీ కథ చేరి పది రోజులైంది. రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగుందనిపించింది, రెండోసారి కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే రాస్తున్నా, కాస్త ఓర్చుకో.

అనంతపురం పక్కన జూనియర్ కాలేజీ. ఇంటర్ పరీక్ష. చీటీ పెట్టి రాస్తున్న కుర్రాణ్ని లెక్చరర్ చూస్తాడు. బోర్లు వేసి అప్పులపాలై వాడి తండ్రి చనిపోయాడని ఆయనకు తెలుసు. చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరుగుతాడు. ఇక్కడిదాకా నీకు చెయ్యి తిరిగింది. కిటికీలోంచి కనబడే ఎండిన చింతచెట్టు, ఫ్యాను కిరకిర, అన్నీ కుదిరాయి. ఆ తర్వాత ఆయన స్టాఫ్ రూములో పేజీన్నర ఉపన్యాసం ఇస్తాడు, మనిషికంటే రూలు గొప్పది కాదని. కథ అక్కడ చచ్చిపోయింది. "నీతికి మినహాయింపు ఉంటే అది నీతి ఎట్లవుతుంది సార్? లేకుంటే మనిషి ఎట్ల బతుకుతాడు?" అని ఉత్తరంలో నన్ను అడిగావే, ఆ ప్రశ్న నీ కథలో ఎక్కడా లేదు. జవాబు మాత్రం ఉంది.

ఈ ప్రశ్నతో పెద్ద పెద్దవాళ్లు కుస్తీ పట్టారు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో, డెబ్బై దాటిన వయసులో, దీనిమీద ఒక చిన్న వ్యాసం రాశాడు. ప్రాణభయంతో స్నేహితుడు నీ ఇంట్లో దాక్కున్నాడు. చంపడానికి వచ్చినవాడు తలుపు తట్టి, లోపలున్నాడా అని అడుగుతాడు. అబద్ధం చెప్పొచ్చా? చెప్పొచ్చు, హంతకుడికి నిజం వినే హక్కు లేదన్నాడు ఫ్రాన్సులో బెంజమిన్ కాన్‌స్టాంట్. కాంట్ ఒప్పుకోలేదు. అప్పుడు కూడా కూడదన్నాడు. నువ్వు లేడని చెప్పావనుకో. ఈలోగా నీకు తెలియకుండానే స్నేహితుడు బయటికి జారుకున్నాడు. నీ మాట నమ్మి వెనుదిరిగిన హంతకుడికి వీధిలో ఎదురయ్యాడు. ఆ చావులో నీ అబద్ధానికి పాలుంది. నిజమే చెప్పి ఉంటే తర్వాత జరిగేది నీ మెడకు చుట్టుకోదు. ఇదీ ఆయన వాదన. నాకు సగమే ఎక్కుతుంది. ఏం చేస్తే మేలో ముందే తెలిసిపోయిందనే మన ధీమాను పట్టుకున్నచోట కాంట్ మొనగాడు. నిజం చెప్పేశాను, ఇక నాకేం సంబంధం అని చేతులు దులుపుకునే చోట ఆయనతో నాకు పడదు.

మన భారతంలో, కర్ణపర్వంలో, కౌశికుడనే తాపసి ఉన్నాడు. నిజం తప్ప పలకనని వ్రతం పట్టినవాడు. దొంగలు తరుముతుంటే కొందరు వచ్చి అడవిలో దాక్కున్నారు. దొంగలొచ్చి అడిగితే ఇదిగో ఇటేనని చూపించాడు. వాళ్లు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. ఈ కథ అందరికీ తెలుసు. కృష్ణుడు దాన్ని ఏ సందర్భంలో చెప్పాడో కథ రాసేవాడు చూసుకోవాలి. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాడి తల తీస్తానని అర్జునుడి ఒట్టు. ఆ మాట అన్నది సాక్షాత్తూ ధర్మరాజే. అర్జునుడు కత్తి దూశాడు. కృష్ణుడు ఆపి ఈ కథ చెప్పాడు. అయినా ఒట్టును గాలికి వదిలెయ్యమనలేదు. పెద్దవాణ్ని 'నువ్వు' అని తూలనాడితే చంపినంత పని, అట్లా తీర్చుకో అన్నాడు. అర్జునుడు తూలనాడాడు, వెంటనే ఆ సిగ్గుతో తనమీదే కత్తి దూసుకున్నాడు. ముందువాకిట్లోంచి పంపించిన నియమం దొడ్డివాకిట్లోంచి వచ్చి కూర్చుంది, చూడు.

"బొంకవచ్చు నఘము పొందదధిప" అని బలికి శుక్రాచార్యుడు చెప్పే పద్యం, అబద్ధమాడినా పాపం లేదు రాజా అనేది, నీ లెక్చరర్ నోట కూడా పలికించావు. పోతన మా ఒంటిమిట్టవాడని మేము, కాదు ఓరుగల్లు బమ్మెరవాడని వాళ్లు, ఆ తగవు అట్లుండనీ. బలి చక్రవర్తి ఆ సలహా వినలేదని ఈ పద్యం చదివేవాళ్లు ఎవరూ చెప్పరు. శిష్యుడి రాజ్యం నిలవాలనే ఆత్రం గురువుగారికి ఉందనీ చెప్పరు. మినహాయింపు అడిగేవాడికి అందులో ఏం లాభమో చూడటం నీ పని.

ఇప్పుడు మా జేజి, అదే మా అవ్వ, సంగతి. జమ్మలమడుగు పక్క ఊరు. నాకప్పుడు ఏడేళ్లు. ఊళ్లో రెండు పార్టీలు. ఒక రాత్రి ఒకాయన దొడ్డివాకిట్లోంచి వచ్చి పడితే, జేజి జొన్నల గాదె వెనక కూర్చోబెట్టింది. కొంచెం సేపటికి కొడవళ్లతో ఐదారుగురు వచ్చారు. లేడంది. వాళ్లు కదల్లేదు. నిద్రపోతున్న నన్ను లేపి, నా నెత్తిన చెయ్యి పెట్టి, "ఈ బిడ్డ మీద ఒట్టు" అంది. వెళ్లిపోయారు.

వాళ్లెందుకు వెళ్లిపోయారు? బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి ఎవరూ అబద్ధమాడరని ఊరంతా నమ్మింది కాబట్టి. ఆ నియమం అంత గట్టిగా ఉండబట్టే ఆ అబద్ధం పారింది. దీన్ని జేజికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత నాకు ఒళ్లు వెచ్చబడితే చాలు, ఆమె ముఖం మాడిపోయేది. గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది. బతికినన్నాళ్లూ శనివారం ఒక్కపొద్దు ఉంది. తప్పు చేశానని ఏనాడూ అనలేదు. చెయ్యలేదనీ అనలేదు. రెండు ధర్మాలు ఢీకొంటే బరువైనదాన్ని పట్టుకోవాలి, అయినా వదిలేసింది రద్దయిపోదు, దాని బాకీ మిగులుతుందని 1930లో ఇంగ్లండులో రాస్ అనే ఆయన పుస్తకం రాశాడు. మా జేజికి చదువు రాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, కాంట్‌కు అన్యాయం చెయ్యకూడదు కదా. ఆ గాదె వెనక దాక్కున్నాయన పేరు రెండేళ్లకు ఇంకో ఊళ్లో జరిగిన నరుకుళ్లలో వినబడింది. ఆ కబురు వచ్చినప్పుడు జేజి చేటలో బియ్యం చెరుగుతోంది. "ఇట్లా అవుతుందని తెలిసుంటే ఆ రోజు చెప్పేదానివా జేజీ?" అని అడిగాను. "పొయ్యిమీద పాలు పొంగుతున్నట్టున్నాయి, పోయి చూడు" అంది.

మరి నీ లెక్చరర్ ఏం పోగొట్టుకున్నాడు? ఏమీ లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు, పైగా ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన దయకు డబ్బు కట్టింది వేరేవాళ్లు. నీ కథలోనే మూడో పేజీలో ఒక అమ్మాయి లేచి అడిషనల్ షీట్ అడుగుతుంది, గుర్తుందా? రెండో బెంచీ. ఆమె ఇంట్లో కూడా బోరు ఎండిపోయి ఉండొచ్చు. చీటీ లేకుండా రాస్తోంది. ఒక్క వాక్యంలో తెచ్చి ఆమెను మరిచిపోయావు.

నేనూ మరిచిపోయినవాణ్నే, అందుకే అంత తొందరగా కనబడింది. రిటైరు కాకముందు మీ జిల్లాలోనే రెవెన్యూ పని చేశాను. ఒక ఏడాది వానలు పోయాయి. చెనిక్కాయ, అదే వేరుశెనగ, విత్తి ఎండిపోయినవాళ్లకే పరిహారం, విత్తనివాళ్లకు లేదు. ఒక వితంతువు చేను విత్తనే లేదు. ఇద్దరు చిన్న పిల్లలు. విత్తి ఎండిపోయిందని రాశాను. చాలా ఏళ్లు దాన్ని నేను చేసిన మంచిపనుల్లో లెక్కేసుకున్నాను, నలుగురిలో చెప్పుకున్నాను కూడా. అదే గట్టుకు ఇవతలి చేను ఒక ముసలాయనది. విత్తావా అని అడిగితే, "లేద్సార్, పదును పడలే, విత్తలే" అన్నాడు. విత్తలేదని రాసుకున్నాను. ఆమెకు డబ్బొచ్చింది, ఆయనకు రాలేదు. ఆమె చేను తన చేను పక్కనే ఉంది, ఆయనకు తెలియదా?

ఆమెకు రాయడం తప్పని ఇప్పటికీ అనలేకపోతున్నాను. కానీ ఆ సంగతి నలుగురిలో చెప్పడం మానేశాను.

ఉపన్యాసం తీసెయ్. పద్యం కూడా తీసెయ్. లెక్చరర్ కిటికీ వైపు నుంచి మళ్లీ గదిలోకి తిరిగినప్పుడు ఆ అమ్మాయి ఆయన్ని చూస్తూ ఉండాలి. ఆమె చీటీని చూసిందో లేదో ఆయనకు తెలియకూడదు. అక్కణ్నుంచి ఏం జరుగుతుందో నాకూ తెలియదు, రాస్తే నీకు తెలుస్తుంది.

ఆ ముసలాయన తర్వాత ఒకసారి సంతలో కనబడ్డాడు. పచ్చి చెనిక్కాయలు అమ్ముతున్నాడు. రెండు కేజీలు తూచి సంచిలో పోశాడు. పోశాక నా ముఖం చూసి, ఇంకో రెండు గుప్పిళ్లు కొసరు వేశాడు. "పిల్లోళ్లు తింటారులే సార్, తీసుకోండి" అన్నాడు.

ఉంటాను.