బత్తాయి తోటకు మినీ ట్రాక్టర్ సరే, ట్రాలీ ఇప్పుడే ఎందుకు?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో 6 ఎకరాల బత్తాయి తోట ఉంది. దున్నకానికి గంటకు 900 చొప్పున ఏడాదికి 70 వేల దాకా కిరాయి కడుతున్నా. కాయ వ్యాపారి తోటలోనే కొంటాడు. మందు కొట్టడానికి పాత పవర్ స్ప్రేయర్ ఉంది. షోరూంలో మినీ ట్రాక్టర్ 5 లక్షలు, మట్టిని గుల్ల చేసే రోటావేటర్ 90 వేలు, మందు కొట్టే మిషన్ 50 వేలు, చిన్న ట్రాలీ 1.20 లక్షలు చెప్పారు. ఎఫ్‌డీలో ఉన్న 3 లక్షల్లో 2 లక్షలు కట్టి, మిగతాది 12 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ తీసుకోమంటారా?

జవాబు: అన్నీ ఒకేసారి మాత్రం వద్దు. మొత్తం 7.60 లక్షలు. 2 లక్షలు పోగా 5.60 లక్షల అప్పుకు ఆరు నెలలకోసారి సుమారు 76 వేల వాయిదా పడుతుంది, అంటే ఏడాదికి 1.52 లక్షలు. మీకు మిగిలే కిరాయి 70 వేలే. మీ తోట పనికి ఏటా దాదాపు 78 గంటలు అవుతుంది, గంటకు 300 డీజిల్ అనుకున్నా 23 వేలు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్‌కు 20 వేలు వేద్దాం. లోటు 1.25 లక్షలు. ఇది పూడాలంటే పక్క తోటల్లో 250 గంటలు దున్నాలి, డీజిల్, అరుగుదల పోగా గంటకు 500 మిగులుతుందని లెక్క.

పాత స్ప్రేయర్ ఉంది కాబట్టి ట్రాక్టర్, రోటావేటర్ మాత్రమే కొంటే అప్పు 3.90 లక్షలకు దిగుతుంది, ఆరు నెలల వాయిదా 53 వేలు. ట్రాలీ లేదు కాబట్టి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 15 వేలకు తగ్గినా లోటు 74 వేలు. అంటే బయట దాదాపు 150 గంటల పని. చుట్టుపక్కల రైతులను ఇప్పుడే అడగండి. అంత పని దొరుకుతుందంటే కొనండి, లేదంటే కిరాయే నయం. దొరికితే ఆ డబ్బు వ్యవసాయ ఆదాయం కాదు, పన్ను లెక్కలో వేరుగా చూపాలి.

ట్రాలీ విషయంలో నా బెంగ ధర గురించి కాదు. కాయ వ్యాపారే తీసుకెళ్తుంటే మీకు మిగిలేది ఎరువు తోలుకోవడం, అది ఏడాదిలో కొద్ది రోజుల పని. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, పాలసీలోనూ దాన్ని చేర్పించాలి. ఖాళీగా ఉంది కదా అని ఇటుకలు, ఇసుక కిరాయికి తోలితే అది వ్యవసాయ వాడకం కాదు. అప్పుడు ప్రమాదం జరిగితే క్లెయిమ్‌కు చిక్కొస్తుంది. కూలీలను ట్రాలీలో ఎక్కించుకోవడం ఇంకా ప్రమాదం, ఎవరికైనా ఏదైనా అయితే పరిహారం మీ జేబులోంచే పోవచ్చు. తేలికైన ట్రాక్టర్‌ను దిగుడులో నిండు ట్రాలీ ముందుకు తోసేస్తుంది. ఎప్పుడైనా అరువు ట్రాలీ తగిలిస్తే ట్రాక్టర్ వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే (డ్రాబార్) తగిలించండి, రోడ్డెక్కే ముందు రెండు బ్రేక్ పెడల్స్ కలిపి లాక్ చేయండి.

ఎఫ్‌డీలో మిగిలే లక్ష ముట్టుకోవద్దు, బోరు మోటారు కాలిపోతే అదే ఆదుకుంటుంది. కేసీసీ (కిసాన్ క్రెడిట్ కార్డు) పంట రుణం తీసి ట్రాక్టర్ వాయిదా కట్టడం కూడా వద్దు. 3 లక్షల వరకు ఉన్న ఆ రుణం గడువులోపు కడితే వడ్డీ 4 శాతమే, దాన్ని పంటకే వాడండి. వాయిదా తేదీలు కాపు డబ్బు చేతికొచ్చే నెలల తర్వాత పడేలా సంతకానికి ముందే బ్యాంకుతో రాయించుకోండి. ట్రాక్టర్ నడిపేది మీరే అయితే ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా ఖాతాకు పెట్టించండి, ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తుంది. సబ్సిడీ సంగతి కొనక ముందే మండల వ్యవసాయ కార్యాలయంలో కనుక్కోండి.