డ్రయర్ సాకెట్‌లో జనరేటర్ వైరా? వద్దమ్మా!

ప్రశ్న: మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. 2024 జులైలో బెరిల్ తుపానుకి ఐదు రోజులు కరెంటు లేదు. మా అత్తగారు ఇన్సులిన్ మీద ఉన్నారు, ఆ టెన్షన్ మళ్లీ పడలేం. జనరేటర్ కొందామనుకుంటున్నాం. బట్టలారబెట్టే డ్రయర్ సాకెట్‌లో జనరేటర్ వైరు గుచ్చితే ఇల్లంతా నడుస్తుందని మావారి స్నేహితుడు అంటున్నారు. నిజమేనా? ఎంత సైజు కొనాలి?

జవాబు: నడుస్తుందమ్మా, నడవడమే ప్రమాదం. మెయిన్ బ్రేకర్ ఆపడం మరిచారో, మీ 240 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కి వేల వోల్టులవుతాయి. స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. రెండు కొసలకూ పిన్నులుండే ఆ వైరు ఊడి చేతికి తగిలితే మీదీ అదే గతి. ఇంటి వైరింగ్‌కి కలపాలంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఇన్‌లెట్ బాక్సు (జనరేటర్ వైరు తగిలించే బయటి పెట్టె), ఇంటర్‌లాక్ (మెయిన్ బ్రేకర్, జనరేటర్ బ్రేకర్ రెండూ ఒకేసారి ఆన్ కాకుండా ఆపే పట్టీ) పెట్టించాల్సిందే.

అసలు ‘ఇల్లంతా’ ఎందుకు? ఫ్రిజ్ నడిచేటప్పుడు మామూలుగా 200 వాట్ల దాకా లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో మాత్రం దానికి కొన్ని రెట్లు లాగుతుంది. అత్తగారి గదిలో 5,000 బీటీయూల కిటికీ ఏసీకి సుమారు 500. ఫ్యాను, ఫోన్లు, రెండు లైట్లు. ఆగకుండా 2,000 వాట్లిచ్చే ఇన్వర్టర్ జనరేటర్ చాలు. దీనికి ఇంటర్‌లాక్ ఖర్చూ అక్కర్లేదు, బయట వాడే మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరు లాక్కోండి. ఇడ్లీ పిండి రుబ్బాలంటే ఏసీ కాసేపు ఆపుకోవాలి, అంతే.

జనరేటర్ ఇంటికి 20 అడుగుల దూరంలో, పొగ అవతలికి పోయేలా ఉండాలి. వాన పడుతోందని గ్యారేజీలో పెట్టకండి, తలుపు బార్లా తీసినా సరే. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసే విషవాయువు, దానికి వాసన ఉండదు. దాన్ని పసిగట్టే, బ్యాటరీతో నడిచే అలారం పడకగదుల దగ్గర పెట్టండి.

బెరిల్ నాడు నాకు జనరేటర్ ఉంది, పనిచేయలేదు. ఏడాదినాటి పెట్రోలు అందులోనే వదిలేశాను, కార్బ్యురేటర్ జిగురుపట్టింది. తాడు లాగీ లాగీ భుజం పట్టేసింది. తీరా బాగయ్యాక పెట్రోలు దొరకలేదు, బంకుల్లోనూ కరెంటు లేదు మరి! తుపాన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. పెట్రోలులో స్టెబిలైజర్ (త్వరగా పాడవకుండా కాపాడే మందు) కలిపి దాచండి, సీజన్ అయ్యాక కారులో పోసేయండి.

ఫ్రిజ్ తెరవకపోతే 4 గంటలు చల్లగా ఉంటుంది. ఇన్సులిన్‌ని ఐసుకి ఆనించొద్దు, గడ్డకడితే పనికిరాదు. వాడుతున్న రకం బయట ఎన్నాళ్లు ఉంటుందో డాక్టరుని ఇప్పుడే అడగండి.

మే నెలలోనే కొని, ఫ్రిజ్, ఏసీ తగిలించి అరగంట నడిపి చూడండి. చప్పుడు గురించి పక్కింటివాళ్లకి ముందే చెప్పి ఉంచండి. ఛార్జింగ్‌కి వాళ్ల ఫోన్లూ మీ ఇంటికే వస్తాయిలెండి.