ఒంటరిగా వైజాగ్ నుంచి కాకినాడకి పోయే అల్లుడికి

రే అల్లుడూ, నువ్వు జనవరిలో చిన్న తెరచాప పడవేసుకుని వైజాగ్ నుంచి కాకినాడకి ఒక్కడివే పోతాండావంట, మీ అమ్మ ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేసి వాన్ని ఆపు అంటా ఒకటే ఏడుపు. నేవీలో ఇన్నేళ్ళు చేసినోన్ని, నేనెట్ల ఆపేది, కానీ ఇది మాత్రం సాంతం చదువు.

ముందు టైము లెక్క చూసుకో. నేరుగా పోతే 70 నాటికల్ మైళ్ళ పైమాటే, నీ పడవ 4, 5 నాట్లు, అంటే గంటకి 4, 5 నాటికల్ మైళ్ళు నడిస్తే 15 నుంచి 18 గంటలు. పొద్దున్నే బయల్దేరితే రాత్రి తొమ్మిదికో అర్ధరాత్రికో కాకినాడ ముందర ఉంటావు, తెలియని హార్బర్‌లోకి చీకట్లో, అలిసిపోయి, ఒక్కడివే పోవడం, అది నాకు అస్సలు ఒప్పుదల లేదు. మధ్యాహ్నం మూడుకి కదులు, తెల్లారినాక చేరతావు. ఇంకా చీకటుండంగానే చేరినావంటే బయటే తిరుగుతా ఉండు, లోపలికి పోవద్దు. ఆ కాకినాడ బే గోదావరి మట్టితో లోతు తక్కువ, హోప్ ఐలాండ్ అడ్డముండి అలలు పెద్దగా రావు గానీ చానల్, అంటే పడవలు పోయే లోతు దారి, తప్పితే ఇసకలో కూచుంటావు. లోపలికి పోయేటప్పుడు దారి గుర్తుకి నీళ్ళలో తేలే ఎర్ర బోయా ఎడమ చేతికి, పచ్చది కుడి చేతికి ఉండాల.

జనవరిలో గాలి ఎక్కువగా ఈశాన్యం, నువ్వు పోయేది నైరుతికి, అంటే గాలి సరిగ్గా నీ వీపు మీద. వినడానికి సుఖంగా ఉంటాది గానీ నాకు భయం అక్కడే. గాలి కొంచెం పక్కకి మళ్ళినా, చుక్కాని కొంచెం అటూ ఇటూ అయినా బూమ్, అదే తెరచాప కింద అడ్డంగా ఉండే కొయ్య, ఒక్కసారిగా ఇటు నుంచి అటు కొడతాది, తల పగుల్తాది, పక్కన పట్టుకునేదానికి మనిషి కూడా ఉండడు. బూమ్‌ని ముందుకి తాడుతో కట్టేసుకో, గాలిని సరిగ్గా వెనక పెట్టకుండా కొంచెం పక్కకి పెట్టుకుని పో, దూరం పెరిగినా పర్లేదు. పొద్దు గూకక ముందే తెరచాప ఒక రీఫ్ తగ్గించు, అంటే కొంత మడిచి కట్టి చిన్నది చెయ్యి, రాత్రి గాలి ఎక్కినాక ముందుకి పాకిపోయి తగ్గించుకునే పని పెట్టుకోవద్దు.

హార్నెస్, అదే ఒంటికి కట్టుకునే పట్టీలు, వేసుకుని దాని తాడు పడవకి తగిలించే ఉండు, ఒంటికి పోసుకునేదానికి లేచినా సరే. ఆటోపైలట్ మీద ఉన్న పడవ నువ్వు పడిపోయినావని ఆగదు నాయనా, అట్లనే పోతాది.

ఇంగ నిద్ర. సముద్రం మధ్యలో ఐతే అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు కునుకు తీస్తారు, తీరం దగ్గర అది కుదరదు. వైజాగ్ బయట లంగరేసిన షిప్పులు, పూడిమడక దాటినాక చేపల బోట్లు, కొన్నింటికి లైటు ఉండదు, చుట్టుపక్కల ఓడలు చూపించే ఏఐఎస్‌లో కనపడవు, వలలు చుక్కానికి చుట్టుకుంటాయి. కాకినాడ దగ్గర గ్యాస్ ప్లాట్‌ఫారాలు, వాటికి చానా దూరంగా పో. కాబట్టి బయల్దేరే రోజు మధ్యాహ్నం దాకా బాగా పడుకో, ముందు రాత్రి ఫ్రెండ్స్‌తో పార్టీ అంటే నాకు కోపం వస్తాది.

ఫిబ్రవరికి వాయిదా పడిందనుకో, అప్పటికి ఈ తీరంలో నీటి ప్రవాహం ఉత్తరానికి తిరుగుతాది, నీకు ఎదురు, లెక్క మళ్ళీ వేసుకో. హైదరాబాద్‌లో సముద్రం సంగతులు చూసే ఇన్‌కాయిస్ వాళ్ళు అలల ఎత్తు చెప్తారు, అది చూడకుండా కదలొద్దు.

2018లో మన నేవీ ఆఫీసరు అభిలాష్ టోమీ ఒంటరిగా ప్రపంచం చుట్టే పందెంలో ఉండంగా దక్షిణ హిందూ మహాసముద్రంలో పడవ మాస్ట్, అదే తెరచాప స్తంభం, విరిగి వెన్ను దెబ్బ తినింది, కదల్లేకపోయినాడు, శాటిలైట్ మెసేజ్ పంపే పరికరం చేతికందింది కాబట్టి ఫ్రెంచి వాళ్ళు పోయి తీసుకొచ్చినారు. నీ ఫోను, చేతి వీహెచ్ఎఫ్ రేడియో కూడా లోపల అలమరలో కాదు, ఒంటి మీదే ఉండాల, రేడియోలో ఆపద పిలుపుల చానల్ 16 ఆన్ చేసి.

పోర్టు కంట్రోల్‌కి చెప్పి పర్మిషన్ తీసుకుని కదులు. ఎప్పుడు బయల్దేరినావు, ఎప్పటికి చేరతావు, పడవ రంగేంది, నాకు మెసేజ్ పెట్టు, మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాటినా నీ నుంచి కబురు రాకపోతే నేను కోస్ట్ గార్డ్ 1554కి ఫోన్ చేసేస్తా, సిగ్నల్ లేదు మామా అని తర్వాత చెప్తే వినను.