ఒకే పేరు ఇన్ని ఊళ్ళకు ఎలా వస్తుంది?

మొన్న గుంటూరు బస్టాండులో అమరావతి బస్సు బోర్డు చూసి మా మేనల్లుడు అడిగాడు: “మామయ్యా, ఇంగ్లండులోనూ అమరావతి ఉందట, మన పేరే పెట్టుకున్నారా?”

అనుకరణ కానక్కరలేదు. అమరావతి మొదట పురాణాల్లో ఇంద్రుడి రాజధాని. ఆ పేరు మీద ఎవరికీ గుత్తాధిపత్యం లేదు. మన ఊరి పాత పేరు ధాన్యకటకం. అమరేశ్వరుడి గుడి చుట్టూ కొత్త పేరు స్థిరపడింది. నేటి వియత్నాంలో ఉండిన చంపా రాజ్యంలోనూ ఒక ప్రాంతం అమరావతే. సంస్కృతం అక్కడిదాకా వెళ్ళింది మరి. ఇంగ్లండులోది ఊరు కాదు, 1984లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో మొదలైన బౌద్ధ మఠం. మృత్యువు లేని చోటన్న అర్థం నచ్చి పెట్టుకున్నారు.

వలస వెళ్ళినవారు సొంతూరి పేరు మోసుకెళ్ళడం మరో దారి: అమెరికాలోని బాస్టన్‌కు మూలం ఇంగ్లండులోని బాస్టన్. ఒక్కోసారి ఉత్త కాకతాళీయం. తమిళనాడు సేలానికీ, బైబిలు నుంచి పేరు తీసుకున్న మసాచుసెట్స్ సేలానికీ చుట్టరికమే లేదు.

అన్నట్టు, గుంటూరు మీదుగా గోవా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఏ అమరావతిలోనూ ఆగదు!