కోళ్ల షెడ్ వేస్తానంటున్న చెల్లెలి కొడుక్కి

చిన్నా,

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. లోన్ దాదాపు ఓకే అయ్యింది, పిల్లల్నీ మేతనీ ఇచ్చి పెరిగిన కోళ్లని తీసుకెళ్లే కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి స్థలం చూసి వెళ్లాడు, పది వేల కోళ్లకి షెడ్ వేద్దామనుకుంటున్నా, మిగులుతుందా పెద్దమ్మా అని అడిగావు. చివర్లో "అమ్మ ఇది పాపం అంటోంది, నువ్వేమంటావ్" అని ఒక్క లైన్ పెట్టావు చూడు, నాకైతే అసలు ప్రశ్న అదే అనిపించింది. ఇరవై రెండేళ్లుగా బ్రాయిలర్లు, అంటే మాంసం కోళ్లు, పెంచుతున్నాను కాబట్టి రెండిటికీ కలిపే చెప్తా. డబ్బు సంగతి ఒక చోట, పాపం సంగతి ఇంకో చోట పెట్టి మాట్లాడితే రెండూ తప్పే చెప్పినట్టవుతుంది.

కంపెనీ వాళ్లు నీకు ఒక మాట చెప్పే ఉంటారు, కోడి సుఖంగా ఉంటేనే రైతుకి లాభం అని. అది సగం నిజం రా. ఆ నిజం ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకున్నాకే సంతకం పెట్టు.

ముందు నిజమైన సగం చెప్తా. ఒకరోజు పిల్లలు బాక్సుల్లో దిగుతాయి కదా, ఆ రోజు రాత్రి నువ్వు పడుకోకూడదు, బ్రూడర్ (పిల్లలకి వెచ్చదనం ఇచ్చే హీటర్) కింద 33 డిగ్రీల దాకా వేడి ఉండాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి, థర్మామీటర్ ఎలాగూ పెడతావు కానీ దానికంటే పిల్లల్నే చూడు. గుంపుగా బ్రూడర్ కిందకి దూరి అరుస్తున్నాయంటే చలి, దూరంగా అంచులకి పోయి రెక్కలు దించి నోరు తెరుస్తున్నాయంటే వేడి ఎక్కువైంది, పళ్లెంలో గింజలు చల్లినట్టు అంతటా సమానంగా ఉన్నాయంటే బాగున్నట్టు. ఒక పిల్లని తీసి కాళ్లు నీ బుగ్గకి ఆనించు, చల్లగా తగిలితే నేల చల్లగా ఉందన్నమాట, పైన గాలి ఎంత వెచ్చగా ఉన్నా లాభం లేదు. తెల్లారాక మెడ కింద మేత సంచి వేలితో తడుము, మెత్తగా గంజి నింపినట్టు ఉండాలి. గట్టిగా ఉంటే మేత తిన్నది కానీ నీళ్లు తాగలేదు, ఖాళీగా ఉంటే మేత దగ్గరికి దారే తెలుసుకోలేదు. మొదటి వారం నువ్వు చేసే ఈ చాకిరీ బ్యాచ్ మొత్తానికి పనికొస్తుంది, ఇక్కడ పిల్లకి మంచిది నీకూ మంచిదే.

షెడ్ నేల మీద పరిచే పొట్టు కూడా అంతే. రోజూ నాలుగైదు చోట్ల గుప్పెడు తీసి పిసుకు, ముద్ద కట్టి అలాగే ఉండిపోతే తడి ఎక్కువైంది, వదలగానే మెల్లగా విడిపోతే సరిగ్గా ఉంది. తడి పొట్టులో రెట్ట కుళ్లి అమ్మోనియా వస్తుంది. నిలబడి వాసన చూసి బానే ఉంది అనుకోకు, మోకాళ్ల మీద కూర్చుని కోడి తల ఎత్తులో పీల్చు, వాటికి ముక్కు ఉండేది అక్కడ కదా. పైగా రోజూ షెడ్‌లో తిరిగేవాడి ముక్కుకి ఆ వాసన అలవాటైపోతుంది, నీ కళ్లు మండే సమయానికి వాటి ఊపిరితిత్తులు ఎప్పుడో పాడవడం మొదలైపోయి ఉంటాయి. పొట్టు తిరగెయ్యడం, కారుతున్న నీళ్ల నిప్పిల్ మార్చడం, షెడ్ పక్కల పరదాలు టైంకి ఎత్తడం దించడం, వీటికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

వేడి గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగరొప్పడమే దానికి తెలిసిన ముఖ్యమైన దారి, బరువు పెరిగే కొద్దీ దాని ఒంట్లోనే వేడి ఎక్కువ పుడుతుంది కాబట్టి లిఫ్టింగ్‌కి, అంటే బండెక్కించి పంపే రోజుకి, దగ్గరపడ్డ కోళ్లే ముందు పోతాయి. ఒక ఎండాకాలం 37వ రోజు, బండి రావాల్సింది రెండు రోజులు లేటయ్యింది, మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ పది నిమిషాలు తిరిగి ఆగిపోయింది. కోళ్లు వేడికి ఒకదానికొకటి ఆనుకుని కూర్చుండిపోతాయి, మధ్యలో మెల్లగా నడుస్తూ లేపుతుంటే రెక్కల కింద ఉన్న వేడి బయటికి పోతుంది, అదే చేశాం నేనూ మీ పెదనాన్నా, కప్పు మీద పైపుతో నీళ్లు కొడుతూ మూడు గంటలు, అయినా ఎనిమిది వందలు పోయాయి. బండి లేటు చేసింది కంపెనీ, లెక్కలో మాత్రం చనిపోయినవన్నీ నా ఖాతాలోనే రాశారు. ఆ రాత్రి గొయ్యి తవ్వి సున్నం చల్లి పూడ్చాం, డబ్బు గురించి ఏడ్చానా వాటి గురించి ఏడ్చానా నాకే తెలియలేదు. జనరేటర్ రెండోది కొన్నాకే మళ్లీ పిల్లల్ని దింపాను, నీ లోన్ లెక్కలో కూడా ముందు అది రాసుకో, పెయింటూ గేటూ తర్వాత.

ఇక రెండో సగం. ఒక చదరపు అడుగుకి ఒక కోడి అనుకుందాం, పది వేల అడుగుల షెడ్‌కి పది వేలు. అదే షెడ్‌లో పన్నెండు వేలు వేస్తే ఏమవుతుంది? ఒక్కో కోడి కొంచెం తక్కువ పెరుగుతుంది, పొట్టు తొందరగా తడుస్తుంది, కాళ్లు పాడవుతాయి, చావులు కాస్త పెరుగుతాయి. కానీ షెడ్ అదే, కిస్తీ అదే, పనివాళ్లు వాళ్లే, మొత్తం మీద షెడ్ నుంచి వెళ్లే కిలోలు పెరుగుతాయి. అంటే ప్రతి కోడీ ఇబ్బంది పడుతున్నా నీ చేతికి డబ్బు ఎక్కువే రావచ్చు. అదిగో అక్కడ ఆగిపోతుంది కంపెనీ చెప్పిన నిజం. అందుకే యూరప్‌లో దీనికి చట్టం కావాల్సి వచ్చింది, 2007లో చేసిన రూల్ ప్రకారం చదరపు మీటరుకి 33 కిలోలు, గాలి, వేడి, రికార్డులు బాగా చూసుకునే వాళ్లకి 39, మరీ మంచి రికార్డు ఉంటే 42 దాకా. 42 అంటే రెండు కిలోల కోళ్లు 21 అన్నమాట, ఒక్క చదరపు మీటరులో. ఫ్యాన్లతో గాలి లాగే మూసిన షెడ్‌లకి రాసుకున్న లెక్క అది, పరదాల షెడ్ కట్టి ఆ నంబర్ చూసి ఆశపడకు, మొదటి ఎండకే నష్టపోతావు. అడుగుకి రెండు కిలోల కోడి ఒకటి అంటే చదరపు మీటరుకి దాదాపు 21, 22 కిలోలు వస్తుంది, ఇప్పుడు అది దాటి నేను పెంచను.

రెండోది జాతి. ఇది మన చేతిలో అసలు లేదు. కెనడాలో ఆల్బర్టా యూనివర్సిటీ వాళ్లు 1957 నాటి జాతినీ 2005 నాటి జాతినీ ఒకే మేత పెట్టి ఒకేలా పెంచి చూశారు, 2014లో వచ్చింది ఆ పేపర్. 56 రోజులకి పాతది 905 గ్రాములు, కొత్తది 4,202 గ్రాములు. హార్మోన్ ఇంజెక్షన్లు పొడిచి పెంచుతున్నారు అని జనం అనుకుంటారు, అది తప్పు, ఎన్నో తరాల పాటు తొందరగా పెరిగేవాటినే ఏరి ఏరి జత కట్టించారు, పెరుగుదల చాలావరకు రక్తంలోనే ఉంది. ఆ పెరుగుదలకి గుండే కాళ్లూ సరిపోవు. చక్కగా తిరుగుతున్న మగ కోడి ఉన్నట్టుండి రెక్కలు కొట్టుకుని వెల్లకిలా పడి పోతుంది, చూశావంటే నువ్వేదో తప్పు చేశావనుకుంటావు, ఏమీ చేసుండవు. ఇంకోటి చెప్పనా, ఈ పిల్లల్ని కనే తల్లి కోళ్లకి కడుపు నిండా మేత పెడితే బరువెక్కి గుడ్లే సరిగ్గా పెట్టవు, అందుకని వాటిని జీవితమంతా కొలిచి, అర్ధాకలితోనే ఉంచుతారు. నీ షెడ్‌లో అవి కనిపించవు కాబట్టి ఎవరూ నీకు చెప్పరు. నాకూ తొమ్మిదేళ్ల తర్వాత తెలిసింది, మనసు పాడైంది.

నెమ్మదిగా పెరిగే జాతులు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో లేబుల్ రూజ్ అని గుర్తు ఇస్తారు, ఆ కోడి కనీసం 81 రోజులు బతకాలి. మనం 35 నుంచి 42 రోజుల్లో లిఫ్ట్ చేసేది వాళ్లు దానికి రెట్టింపు రోజులు పెంచుతారు, మేత ఎక్కువ, ఏడాదికి బ్యాచ్‌లు తక్కువ. ఖర్చులో అరవై డెబ్బై శాతం మేతే కదా, ఆ తేడా కొనేవాడు ఇస్తేనే నడుస్తుంది. కొనేవాణ్ణి ముందు చూసుకోకుండా మంచి మనసుతో మొదలుపెట్టి మూసేసిన వాళ్లని చూశాను, నీకు ఆ సలహా ఇవ్వను. చిన్న షెడ్‌లో ఒక పక్కన ఐదొందలు పెంచి, అమ్మి చూడు, అప్పుడు మాట్లాడదాం.

ఇప్పుడు కుంటి కోడి సంగతి. 30వ రోజు దాటాక షెడ్‌లో నడుస్తుంటే అన్నీ లేచి పక్కకి జరుగుతాయి, ఒకటి జరగదు. దగ్గరికి వెళ్తే రెక్కలు నేలకి ఆనించి రెండడుగులు ఈడ్చుకుని మళ్లీ కూర్చుంటుంది. ఎత్తుకుని తిప్పి చూడు, మోకాలి దగ్గర గోధుమరంగు మచ్చ, పాదం కింద నల్లటి పెచ్చు, ఛాతీ మీద ఈకలు లేక ఎర్రగా వేడిగా ఉంటుంది, అరచేతికి గుండె దడదడా కొట్టుకోవడం తగులుతుంది. రెండు కిలోలు ఉంటుందా, అరుపు మాత్రం ఇంకా పిల్ల అరుపే, కీచు కీచుమని. ఒళ్లే పెద్దదైంది, అది నిజంగా పిల్లే. కొందరు నొప్పి లేదులే, బద్ధకం అంటారు. బ్రిటన్‌లో 2000లో ఒక పరిశోధన వచ్చింది, రెండు రకాల మేత పెట్టి ఒకదాంట్లో నొప్పి మందు కలిపారు, కుంటి కోళ్లు మందు ఉన్న మేతే ఎక్కువ తిన్నాయి, కుంటితనం పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ తిన్నాయి. ఇంకేం సాక్ష్యం కావాలి.

ఆ కోడిని ఏం చేస్తావు అన్నదే నీకు నేను వేసే ప్రశ్న. అది మేత, నీళ్ల దాకా నడవలేదు, దాహంతో రెండు మూడు రోజులకి పోతుంది, రేపు పొద్దున ఎత్తి పారేద్దాంలే అని పనివాళ్లు వదిలేస్తారు. వెటర్నరీ డాక్టర్ దగ్గర మెడ విరవడం సరిగ్గా నేర్చుకుని నువ్వే ఆ క్షణమే చెయ్యాలి. మొదటిసారి చేతులు వణికాయి నాకు, వందోసారీ మామూలుగా ఏం లేదు. ఆ పని వేరేవాళ్లకి అప్పజెప్పి నువ్వు లెక్కలే చూసుకుంటాను అనుకుంటే ఈ షెడ్ వద్దు, ఈ ఒక్కదాంట్లో నేను రాజీ పడను.

మందుల దగ్గర కూడా గీత గీసుకో. కొక్కెర తెగులుకి లాసోటా వ్యాక్సిన్, గంబోరో జబ్బుకి దాని వ్యాక్సిన్, ఇవి షెడ్యూల్ ప్రకారం తప్పకుండా వెయ్యి. యాంటీబయాటిక్ మాత్రం జబ్బు వస్తే, డాక్టర్ రాస్తే, అంతే. బరువు కోసం మేతలో రోజూ కలిపే అలవాటుని స్వీడన్ 1986లోనే, యూరప్ అంతా 2006లో ఆపేశాయి. కొలిస్టిన్ అని ఒకటుంది, మనుషులకి వేరే ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఆసుపత్రిలో ఇచ్చేది, అది కోళ్ల మేతలోకి వచ్చింది, దాన్ని తట్టుకునే జన్యువు సూక్ష్మజీవుల్లో దొరికిందని 2015లో బయటపడ్డాక చైనా మేతలోంచి తీసేసింది, 2019లో ఇండియా నిషేధించింది. మురికి షెడ్‌ని మందుతో నడిపే వాళ్లు నీ చుట్టూ ఉంటారు, వాళ్లకి నీకంటే ఎక్కువ మిగులుతుంది కూడా, అది చూసి కడుపు మండుతుంది, తెలుసు.

గుడ్ల కోళ్ల వైపు పోతే పాపం తక్కువ అని ఎవరో అన్నారన్నావు. వరసగా పేర్చే పాత బ్యాటరీ బోనులో ఒక కోడికి యూరప్ రూల్ ఇచ్చిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు, ఏ4 కాగితం కంటే చిన్నది, అందుకే 2012 నుంచి అక్కడ ఆ బోనులే నిషేధం. ఆ జాతిలో పుట్టే మగ పిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ పెరగవు, పుట్టిన రోజే చంపేస్తారు, జర్మనీ దాన్ని 2022 నుంచి ఆపించింది. కాబట్టి అటు వెళ్లినా ఈ ప్రశ్నలే ఎదురవుతాయి.

ఇక అగ్రిమెంట్. నోటి మాట ఏదీ నమ్మకు. అడుగుకి ఎన్ని పిల్లలు అన్నది నువ్వు ఒప్పుకున్న నంబరే రాయించు. లిఫ్టింగ్ లేటైతే ఆ రోజుల చావులు ఎవరివి, ఏడాదికి కనీసం ఎన్ని బ్యాచ్‌లు, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య షెడ్ కడిగి రెండు వారాలు ఖాళీగా ఉంచుతానన్న మాట, పిల్లలు బలహీనంగా వస్తే దిగిన రోజే ఎవరు లెక్కపెడతారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. కోళ్లని పట్టి బండెక్కించేవాళ్ల గురించి కూడా మాట్లాడు, ఒక్క కాలు పట్టి చేతికి నాలుగైదు వేలాడదీస్తారు, తొడలు విరుగుతాయి, రాత్రిపూట లైటు తగ్గించి ఒంటికి రెండు చేతులూ వేసి పట్టమంటే టైం ఎక్కువ పడుతుందని గొణుగుతారు, గొణగనీ, ఆ రాత్రి నువ్వు అక్కడే నిలబడు. వీటికి ఒప్పుకోని కంపెనీ అయితే వెనక్కి వచ్చెయ్. లోన్ తీసుకున్నాక కిస్తీ తరుముతుంటే నీ గీతలన్నీ నువ్వే చెరిపేసుకుంటావు, నేనూ రెండేళ్లు అలా చెరిపేసుకున్నాను, అడుగుకి ఒకటి దాటించాను, ఆ బ్యాచ్‌ల పొట్టు ఎలా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది.

మీ అమ్మతో వాదించకు. తను అన్నది తప్పని నేను అనను, తనకి నచ్చచెప్పే పని కూడా నాది కాదు. లాభం ఉంటుందా అంటే, ఉంటుంది, పలుచగా, బ్యాచ్‌కి బ్యాచ్ మారుతూ.

ఇప్పుడున్న బ్యాచ్ 34వ రోజుకి వచ్చే ముందు ఫోన్ చేస్తా, రెండు రోజులు ఉండేలా రా, రాత్రి పది గంటలకీ తెల్లవారి నాలుక్కీ నాతో పాటు షెడ్‌లో తిరుగు, ఆ కుంటి కోడి కనిపిస్తే నీ చేతికే ఇస్తా. అప్పటిదాకా లోన్ కాగితాల మీద సంతకం పెట్టకు. వచ్చే ముందు మూడు రోజులు వేరే ఏ ఫారం లోపలికీ వెళ్లొద్దు, ఇంట్లో పెంచే కోళ్లని కూడా ముట్టుకోవద్దు, లోపలికి వేసుకునే చెప్పులూ బట్టలూ నేనే ఇస్తా.

నీ పెద్దమ్మ